కూలెంట్ ఎటు పోతోందో తెలిసేదాకా ఇంజిన్ విప్పనివ్వకు

నాన్నా,

కారులో కూలెంట్ (ఇంజిన్‌ని చల్లగా ఉంచే ద్రవం) తగ్గుతోందని, కింద మాత్రం చుక్క కూడా కనబడట్లేదని రాశావు. షెడ్డులో హెడ్ గాస్కెట్ (ఇంజిన్ బ్లాకుకీ పైనున్న హెడ్‌కీ మధ్య సీలు) పోయిందన్నారని టెన్షన్ పడుతున్నావు. ఆగు. ఇంజిన్ విప్పడానికి అప్పుడే ఒప్పుకోకు. నెలల తరబడి కాస్త తగ్గితే తగ్గనీ, వారం వారం పోయాల్సి వస్తోందంటే మాత్రం అది ఎటో పోతున్నట్టే. అదెటో తేలకుండా ఏ పార్టు మార్పించినా డబ్బు దండగ.

ముందు ఎంత తగ్గుతోందో లెక్క తేల్చుకో. పొద్దున్నే, ఇంజిన్ పూర్తిగా చల్లారి ఉన్నప్పుడు, బండి సమానమైన నేల మీద ఉంచి, కూలెంట్ డబ్బా మీద మట్టం దగ్గర చిన్న టేపు అంటించి, మీటరులో కిలోమీటర్లు రాసి పెట్టుకో. వేడి మీద చూస్తే కూలెంట్ వ్యాకోచించి మట్టం ఎక్కువగా కనబడుతుంది, ఆ లెక్క పనికిరాదు. ఈ మధ్యే కూలెంట్ మార్పించావా? అయితే లోపల చిక్కుకున్న గాలి బయటికొచ్చి మట్టం ఒకటి రెండు సార్లు దిగడం మామూలే.

వేడి ఇంజిన్ మీద మాత్రం కూలెంట్ మూత తీయకు, ఎవరు తీయమన్నా సరే. నీళ్లూ కూలెంటూ సగం సగం కలిపితే మామూలుగా 107 డిగ్రీల దగ్గర మరుగుతుంది, మూత 15 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) దాకా ఒత్తిడి పట్టి ఉంచితే దాదాపు 129 దాకా మరగదు. మూత తీయగానే ఆ ఒత్తిడి పోయి అంతా ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి చిమ్ముతుంది.

కింద చుక్క లేదంటే లీకు లేదని అనుకోకు. వేడి ఇంజిన్ మీద పడ్డ చుక్క నేలకు చేరేలోపే ఆవిరైపోతుంది. కొన్ని లీకులు ఒత్తిడి ఉన్నంతసేపే కారి, చల్లారాక ఆగిపోతాయి. అందుకే తడి కోసం కాదు, మరక కోసం వెతుకు. టార్చి పట్టుకుని హోస్ పైపుల క్లిప్పుల దగ్గర, థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలెంట్‌ని రేడియేటర్‌కి వదిలే వాల్వు) చుట్టూ, రేడియేటర్‌లో ప్లాస్టిక్ భాగం అల్యూమినియంతో కలిసే అంచు వెంబడి చూడు. ఎండిపోయిన కూలెంట్ గోడకు ఉప్పు పేరినట్టు తెల్లగానో, గులాబీగానో, పచ్చగానో పొరకట్టి ఉంటుంది. వాటర్ పంపు కింద చిన్న రంధ్రం ఒకటి ఉంటుంది, దాన్ని చాలామంది చూడరు. లోపలి సీలు అరిగితే కూలెంట్ బేరింగులోకి పోకుండా బయటికి వదలడానికే ఆ రంధ్రం. అక్కడ లేత మరక ఉంటే ఫరవాలేదు, కిందికి జారిన చార ఉంటే పంపు పని అయిపోయినట్టే.

మూతను కూడా అనుమానించు. స్ప్రింగు వదులైనా, రబ్బరు గట్టిపడినా ఒత్తిడి నిలవదు, కూలెంట్ బయటికి తన్నేస్తుంది. అన్నిట్లోకి చవకైన పార్టు అదే, అందరూ చివర్లో చూసేదీ అదే. ముందు సీటు కింద కార్పెట్ తడిగా ఉండి, తీపి వాసన వస్తూ, అద్దం లోపలివైపు జిడ్డుగా మంచు పడుతుంటే హీటర్ కోర్ (కారు లోపలికి వేడిగాలి ఇచ్చే చిన్న రేడియేటర్) కారుతోంది. ఏసీ నీళ్లు కూడా లోపలికి రావచ్చు కానీ వాటికి రంగూ జిడ్డూ ఉండవు.

కంటికి ఏమీ దొరకకపోతే ప్రెషర్ టెస్ట్ చేయించు, నువ్వు పక్కనే ఉండు. చల్లని ఇంజిన్‌కి చేతి పంపు బిగించి, మూత మీద రాసి ఉన్న ఒత్తిడి దాకానే కొట్టాలి, అంతకు మించకూడదు. పావుగంట ఆ పంపు మీటరు సూదినే చూడు. దిగితే ఎక్కడో కారుతోంది. బయట ఎక్కడా తడి లేకుండా దిగుతుంటే రాత్రంతా అలాగే ఉంచి, పొద్దున స్పార్క్ ప్లగ్గులు తీసి సిలిండర్లలోకి చిన్న కెమెరా దింపి చూడమను. మిగతావాటికి మసి పట్టి ఒక్క పిస్టన్ మాత్రం కడిగినట్టు మెరుస్తుంటే కూలెంట్ అందులోకే పోతోంది.

హెడ్ గాస్కెట్ మాట అప్పుడు ఆలోచిద్దాం. ఇంజిన్ వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోవడం, పొద్దున స్టార్ట్ చేయగానే ఇంజిన్ కాసేపు కుదుపుగా కొట్టుకోవడం, చల్లని బండి స్టార్ట్ చేసిన నిమిషాల్లోనే రేడియేటర్ పై హోస్ రాయిలా గట్టిపడటం, ఇవీ దాని గుర్తులు. పెట్రోలు బండయితే నీలం రంగు ద్రవంతో చేసే పరీక్ష ఉంది, డబ్బాలోని గాలిలో కాలిన వాయువు ఉంటే అది పసుపుగా మారుతుంది. ఆయిల్ మూత కింద పాలమీగడలాంటి తెట్టు కనబడిందని మాత్రం కంగారు పడకు, దగ్గర దూరాలే తిరిగే బండిలో తేమకు అలా కడుతుంది. అదే తెట్టు డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) మీద కూడా ఉంటే ఇక స్టార్ట్ చేయొద్దు. డీజిల్ బండయితే ఈజీఆర్ కూలర్ (ఇంజిన్‌లోకి తిరిగి పంపే పొగను కూలెంట్‌తో చల్లార్చే భాగం) చూడకుండా హెడ్ విప్పనివ్వకు, అది పగిలినా తెల్లపొగే వస్తుంది, కూలెంట్ ఇలాగే మాయమవుతుంది.

ఈలోపు బండి తప్పక నడపాల్సివస్తే రోజూ మట్టం చూసుకో. మాన్యువల్‌లో చెప్పిన రకమే పొయ్యి, రంగు చూసి కొనకు, ఒకే రంగులో వేరే రకాలున్నాయి. టెంపరేచర్ ముల్లునే నమ్ముకోకు, సెన్సార్ దగ్గర కూలెంటే లేకపోతే ఇంజిన్ కాలిపోతున్నా అది మామూలుగానే చూపించొచ్చు. హీటర్ వేస్తే ఉన్నట్టుండి చల్లగాలి వచ్చిందంటే వెంటనే పక్కకు ఆపి ఇంజిన్ కట్టెయ్. లీకు ఆపే పొడులూ మందులూ పోయమంటారు, పోయనివ్వకు, అవి లీకుతోపాటు హీటర్ కోర్ సన్న గొట్టాలనూ పూడ్చేస్తాయి.

కింద ఒలికిన కూలెంట్‌ని నీళ్లతో బాగా కడిగెయ్, తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయి, పిల్లులూ నాకొచ్చు, అది వాటికి ప్రాణాంతకం. టెస్ట్ అయ్యాక సూది ఎంత నుంచి ఎంతకు, ఎంతసేపట్లో దిగిందో రాసి పంపు, మరక కనబడితే ఫోటో కూడా పెట్టు. అవి చూసి ఏ పార్టు మార్పించాలో చెప్తాను.

మీ బాబాయి