వడ్డీ తగ్గిస్తే ధరలు పెరుగుతాయా, తగ్గుతాయా?

సెంట్రల్ బ్యాంకు వడ్డీ బాగా తగ్గించి మార్కెట్లోకి డబ్బు వదిలితే ధరలు పెరుగుతాయా, తగ్గుతాయా అని అడిగారు. పెరుగుతాయనే నేనూ చదువుకున్నాను. 2015లో ఉద్యోగానికి టోక్యో వచ్చాక ఆ నమ్మకం కాస్త సడలింది.

ఉండేది నిషి-కసాయ్‌లో, మనవాళ్లు ఎక్కువగా ఉండే చోటు. 2016 జనవరిలో అక్కడి సెంట్రల్ బ్యాంకు, బ్యాంక్ ఆఫ్ జపాన్, వడ్డీ రేటును మైనస్ 0.1 శాతం చేస్తున్నట్టు ప్రకటించింది. అంటే బ్యాంకులు తన దగ్గర ఉంచే డబ్బులో కొంత భాగానికి వడ్డీ ఇవ్వకపోగా ఎదురు వసూలు చేస్తుందన్నమాట. ఆ తర్వాత నా పొదుపు ఖాతాకి వచ్చిన వడ్డీ 0.001 శాతం. అంటే పది లక్షల యెన్లు ఏడాది ఉంచితే పది యెన్లు, పన్ను పోను ఎనిమిది. రాత్రిపూట ఒక్కసారి ఏటీఎంకి వెళ్తే 108 యెన్లు ఛార్జీ! ఫోన్లో చెబితే మా నాన్న "సరిగ్గా చూశావా, సున్నాలు ఎక్కువ పడ్డాయేమో" అన్నారు.

అయినా ధరలు కదిలితేనా. అదే ఏడాది గరిగరి-కున్ అనే పుల్ల ఐస్ 60 యెన్ల నుంచి 70 అయింది, పాతికేళ్లలో మొదటిసారి. ఆ కంపెనీ వాళ్లంతా వరుసగా నిలబడి తల వంచి క్షమాపణ చెప్పే ప్రకటన టీవీలో వచ్చింది. పది యెన్లకి!

ఆఫీసులో నా పక్క సీటాయన్ని చూశాక సంగతి అర్థమైంది. జీతం ఏళ్ల తరబడి అంతే. ధరలు పెరుగుతాయన్న ఊహే లేదు కాబట్టి ఏదీ కొనడానికి తొందర లేదు. కొనేవాడు లేనప్పుడు అప్పు ఎంత చవకైనా కంపెనీలు తీసుకుని ఏం చేస్తాయి? వదిలిన డబ్బులో చాలా భాగం బ్యాంకుల దగ్గరే ఆగిపోయింది. పైగా మూతపడాల్సిన కంపెనీలు కూడా చవక అప్పులతో నెట్టుకొచ్చాయి. పోటీ తగ్గక ఎవరూ ధర పెంచలేకపోయారు. అందుకే తక్కువ వడ్డీయే ధరల్ని అణిచిందని కొందరంటారు. నేను అంతదూరం వెళ్లను. 1990ల మొదట్లో షేర్లు, భూముల ధరలు కుప్పకూలాయి, వడ్డీ సున్నాకి చేరింది ఆ తర్వాతే.

2022లో కథ మారింది. అమెరికా వడ్డీలు గబగబా పెంచుతుంటే జపాన్ కదల్లేదు. ఎక్కువ వడ్డీ కోసం డబ్బు డాలర్ల వైపు మళ్లింది. ఏడాది మొదట్లో 115 యెన్లున్న డాలరు అక్టోబరులో 150 దాటింది. ఉక్రెయిన్ యుద్ధంతో చమురు, గోధుమలు ప్రియమయ్యాయి. డిసెంబరుకి ద్రవ్యోల్బణం 4 శాతం, 41 ఏళ్లలో అదే ఎక్కువ. అంటే చవక డబ్బు ధరలు పెంచిందనే చెప్పాలి, కాకపోతే సెంట్రల్ బ్యాంకు అనుకున్న దారిలో కాదు, యెన్ పడిపోయి, బయటినుంచి తెచ్చుకునేవి ఖరీదై. ఇంటికి డబ్బు పంపే మాలాంటివాళ్లకి ఆ బాధ ఇంకా బాగా తెలుసు.

మన దేశం సంగతి వేరు. 2020 మేలో రెపో రేటు, అంటే రిజర్వు బ్యాంకు బ్యాంకులకిచ్చే అప్పు మీద వడ్డీ, 4 శాతానికి దించే నాటికే ధరలు మండుతున్నాయి. రేపు ధర పెరుగుతుందని మన ఇళ్లలో ఎవరూ ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు.

2025లో ఇక్కడ బియ్యానికి కొరత వచ్చి 5 కిలోల సంచి 4,000 యెన్లు దాటింది, ఏడాది కిందటికి దాదాపు రెట్టింపు. మా పక్క సీటాయన ఒకేసారి రెండు సంచులు కొన్నాడు. ఎందుకంటే, "ఇంకా పెరుగుతుందేమో" అన్నాడు. పదేళ్లలో ఆయన నోట ఆ మాట వినడం అదే మొదలు.