ట్రస్టు సాయం: అడిగేవారికి, ఇచ్చేవారికి

ప్రశ్న: మా ఆయన ఆటో నడుపుతారు. గుండెలో వాల్వ్ మార్చాలన్నారు. ప్రైవేటు ఆసుపత్రిలో 4 లక్షలు అవుతుందట. మాకు రేషన్ కార్డు ఉంది. ట్రస్టులను ఎంత అడగాలి, ఏ కాగితాలు పట్టుకెళ్లాలి?
– ఒక పాఠకురాలు, బోరబండ

జవాబు: ట్రస్టు గడప తొక్కే ముందు ఆ ఆసుపత్రికి ఆరోగ్యశ్రీ ఉందో లేదో కనుక్కోండమ్మా. వాల్వ్ మార్పిడి ఆరోగ్యశ్రీలో ఉంది. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి పరిమితి 10 లక్షలు. రేషన్ కార్డు, ఆధార్ తీసుకుని అడ్మిషన్ కౌంటర్ కంటే ముందు ఆరోగ్యమిత్ర (ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ పనులు చూసే ఉద్యోగి) దగ్గరికి వెళ్లండి. డబ్బు కట్టి చేరిపోయాక మధ్యలో ఆరోగ్యశ్రీకి మార్చమంటే చాలాసార్లు కుదరదు. ఎక్కువ కుటుంబాలు అప్పులపాలయ్యేది ఇక్కడే. ఆ ఆసుపత్రికి ఆరోగ్యశ్రీ లేకపోతే నిమ్స్, గాంధీ, ఉస్మానియాల్లో అడగండి. అక్కడ వరుస ఉంటుంది. అందుకే ఎన్ని వారాలు ఆగవచ్చో ఇప్పటి డాక్టరుతో రాయించుకోండి.

ఆరోగ్యశ్రీ వర్తించకపోతే ముఖ్యమంత్రి సహాయనిధి ఉంది. డిశ్చార్జి అయ్యాక ఒరిజినల్ బిల్లులు, డిశ్చార్జి సమ్మరీ, బ్యాంకు పాస్‌బుక్ జిరాక్స్‌తో ఎమ్మెల్యే కార్యాలయం ద్వారా దరఖాస్తు పెట్టాలి. నిమ్స్‌లో అయితే ఆపరేషన్‌కు ముందే ఎల్‌ఓసీ (ఇంత ఖర్చు సహాయనిధి భరిస్తుందని ఆసుపత్రికి ఇచ్చే హామీ పత్రం) తెచ్చుకోవచ్చు. సహాయనిధి నుంచి వచ్చేది ఖర్చులో కొంతే.

ఇవన్నీ పోగా మిగిలిన లోటునే ట్రస్టును అడగాలి. ఆసుపత్రి లెటర్‌హెడ్ మీద డాక్టర్ సంతకం, ముద్ర ఉన్న ఎస్టిమేషన్, రిపోర్టులు, ఆధార్, రేషన్ కార్డు, ఆసుపత్రి బ్యాంకు ఖాతా వివరాలు పెట్టండి. మొత్తం ఎంత, మీ చేతిలో ఎంత, ఇంకెవరు ఎంత ఇస్తామన్నారు అన్నది ఒక్క పేజీలో రాయండి. నాలుగు ట్రస్టులను అడగడంలో తప్పేమీ లేదు. ఒకరి సంగతి ఇంకొకరికి చెప్పకపోతేనే చిక్కు: ఆసుపత్రికి ఫోన్ చేస్తే నిమిషంలో తెలిసిపోతుంది, ఫైలు పక్కకు పోతుంది. కేస్ షీటులో, ఆధార్‌లో పేరు ఒకేలా ఉందో చూసుకోండి. చెక్కు ఆసుపత్రి పేరుతోనే వస్తుంది, మీ చేతికి నగదు ఇవ్వరు. డిశ్చార్జి అయిపోయాక పాత బిల్లులు తెస్తే చాలా ట్రస్టులు తీసుకోవు. కాబట్టి ఆపరేషన్ తేదీ ఖాయమైన రోజే అడగండి.

ఇంకొక్క మాట, అందరూ మరిచిపోయేది. మెటల్ వాల్వ్ వేస్తే రక్తం పలచబరిచే మాత్ర జీవితాంతం వేసుకోవాలి, డాక్టరు చెప్పిన గడువుల్లో రక్తం ఎంత పలచగా ఉందో చూసే పీటీ-ఐఎన్‌ఆర్ పరీక్ష చేయించాలి. డబ్బుల్లేక మాత్ర ఆపితే వాల్వ్ మీద రక్తం గడ్డకట్టి ప్రాణం మీదికి వస్తుంది. లక్షలు ఇవ్వలేని చిన్న ట్రస్టు కూడా ఈ నెలవారీ ఖర్చు భరించగలదు. ఆటో తిప్పలేని నెలల్లో ఇంటి అద్దె, పిల్లల ఫీజు ఎలా గడుస్తాయో కూడా ఆ పేజీలోనే రాయండి. అడగడానికి మొహమాటపడకండి.

ప్రశ్న: మా అమ్మాయికి ఎప్‌సెట్‌లో 22,000 ర్యాంకు, బీసీ. కాలేజీ ఫీజు 1,10,000. రీయింబర్స్‌మెంట్ పోను ఎంత పడుతుంది? ట్రస్టులు ఇస్తాయా?
– ఒక తండ్రి, ఉప్పల్

జవాబు: 10,000 ర్యాంకు దాటిన బీసీ విద్యార్థికి ఏడాదికి 35,000 వరకే వస్తుంది. మీ చేతి నుంచి 75,000 పడుతుంది. ఆ రీయింబర్స్‌మెంట్ కూడా కౌన్సెలింగ్‌లో వచ్చే కన్వీనర్ కోటా సీటుకే. మేనేజ్‌మెంట్ కోటాలో చేరితే ఒక్క రూపాయి రాదు. పట్టణంలో కుటుంబ ఆదాయం 2 లక్షలు దాటకూడదు. మీసేవలో ఆదాయ సర్టిఫికెట్ ఇప్పుడే తీసుకోండి. టెన్త్ మెమోలో, ఆధార్‌లో పేరు తేడా ఉంటే రీయింబర్స్‌మెంట్ కోసం ఆన్‌లైన్‌లో పెట్టే ఈ-పాస్ దరఖాస్తు ఆగిపోతుంది. రెండో ఏడాది రెన్యువల్ మరిచిపోయి, లేదా హాజరు 75 శాతం కంటే తగ్గి నష్టపోయేవాళ్లు ఎందరో.

ఆ 75,000కు కాలేజీ నుంచి డిమాండ్ లెటర్, అలాట్‌మెంట్ ఆర్డర్, మెమోలు తీసుకుని కౌన్సెలింగ్ జరుగుతుండగానే ట్రస్టులకు దరఖాస్తు చేయండి. సెప్టెంబరుకల్లా చాలాచోట్ల ఆ ఏటి డబ్బు పంచేసి ఉంటారు. మొదటి ఏడాది సాయం దొరికితే మార్కుల మెమో ప్రతి సెమిస్టర్ పంపండి. మళ్లీ ఇచ్చేది దాన్ని చూసే. ఇంకా లోటు ఉంటే విద్యాలక్ష్మి పోర్టల్‌లో విద్యా రుణానికి దరఖాస్తు చేయండి. 4 లక్షల వరకు పూచీకత్తు ఆస్తి అడగరు.

ప్రశ్న: మా కాలనీవాళ్లం పక్క బస్తీలో 50 కుటుంబాలకు నెలనెలా సరుకులు ఇద్దామనుకుంటున్నాం. ట్రస్టు రిజిస్టర్ చేయించాలా?
– కాలనీ సంఘం, మల్కాజిగిరి

జవాబు: మీలో మీరే చందాలు వేసుకుంటే అక్కర్లేదు, లెక్కల పుస్తకం చాలు. బయటివారి విరాళాలు తీసుకుంటేనే ట్రస్టు డీడ్ రాసి సబ్ రిజిస్ట్రార్ దగ్గర రిజిస్టర్ చేయించి, ట్రస్టు పేరుతో పాన్, బ్యాంకు ఖాతా తెరవండి. తర్వాత ఆదాయపు పన్ను శాఖలో నమోదు. విరాళానికి పన్ను మినహాయింపు కావాలన్న దాతల దగ్గర 2,000 దాటి నగదు తీసుకోవద్దు, అంతకు మించితే మినహాయింపు వర్తించదు.

కిట్‌లో బియ్యం పెట్టకండి. 2025 ఉగాది నుంచి రేషన్ షాపులో మనిషికి 6 కిలోల సన్న బియ్యం ఉచితం. ఇంట్లో కొరత పప్పుకీ నూనెకీ. నలుగురున్న ఇంటికి కందిపప్పు 2 కిలోలు, నూనె 2 లీటర్లు, పల్లీలు అర కిలో, చింతపండు పావు కిలో, కారం, ఉప్పు, సబ్బులు చాలు. పిల్లలో బాలింతో ఉంటే పల్లీలు కిలో చేయండి. ఒడిశా, బీహార్ నుంచి వచ్చిన కూలీలు ఇక్కడ కార్డు లేదని ఊరుకుంటారు. ఆధార్ అనుసంధానమైన సొంత రాష్ట్రం కార్డు ఉంటే ఇక్కడి షాపులోనే వేలిముద్ర వేసి బియ్యం తీసుకోవచ్చు. సరుకులకు ముందు వాళ్లను ఒకసారి షాపు దాకా తీసుకెళ్లండి. పంచేటప్పుడు పిల్లల ఫొటోలు, వరుసలో నిలబెట్టడాలు వద్దు. సాయంత్రం ఇంటికే ఇచ్చి సంతకం తీసుకుంటే లెక్కకు అదే సరిపోతుంది.