చాంబర్‌కున్న సౌండ్ ప్యానెల్ విప్పే ముందు

చిరంజీవి శ్రీనుకి మామయ్య ఆశీస్సులు.

నీ డీజిల్ కారు ఇంజిన్ అడుగున ఆయిల్ నిలవుండే చాంబర్‌కున్న సౌండ్ ప్యానెళ్లు పీకి పారేయనా అని అడిగావు. విప్పురా, కానీ పారేయడానికి కాదు, వాటి వెనకాల ఏం జరుగుతోందో చూడ్డానికి.

చాంబర్ రేకు పల్చన. సిలిండర్లో డీజిల్ అంటుకున్నప్పటి దెబ్బ బ్లాకులోంచి దిగి ఆ రేకుని డప్పులా మోగిస్తుంది. ప్యానెల్లోని స్పాంజి, రబ్బరు ఆ మోతని మింగేస్తాయి. తీసేస్తే ఇంజిన్‌కి నష్టమేమీ లేదు, బండి నిలబడి ఉన్నప్పుడు గరగర పెరుగుతుంది, అంతే.

నా భయమల్లా ఆ స్పాంజి ఆయిల్ తాగి కూర్చుంటుందని. నేల మీద చుక్క పడదు, డిప్‌స్టిక్‌లో మాత్రం మట్టం తగ్గుతూ ఉంటుంది. తడిసిన స్పాంజి పక్కనే సైలెన్సర్ పైపు కాలుతూ ఉంటే నిప్పు పుట్టొచ్చు. వానాకాలం బురద ఇరుక్కుంటే లోపల రేకు తుప్పు పట్టి చిల్లు పడుతుంది, బయటికి కనపడదు.

ఇంజిన్ బాగా చల్లారాక మొదలుపెట్టు. జాకీ చాంబర్ కింద పెట్టకు. రేకు నొక్కుకుపోతే ఆయిల్ పంపు పీల్చే జాలీ మూసుకుపోయి బేరింగులకి ఆయిల్ అందదు. వెనక చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టు. స్టాండ్లు లేకుండా, జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కింద దూరొద్దు.

ఇప్పుడు బోల్టుల సంగతి శ్రద్ధగా చదువు. కొన్ని ఇంజిన్లలో ప్యానెల్‌ని పట్టే బోల్టులే చాంబర్‌ని కూడా పట్టి ఉంచుతాయి. ప్యానెల్ మందం ఉంది కాబట్టి అవి పొడుగ్గా ఉంటాయి. ప్యానెల్ తీసేసి అదే బోల్టు మళ్లీ ఎక్కిస్తే దాని కొస రంధ్రం అడుగుకి తగిలి ఆగుతుంది. చేతికి బిగిసినట్టే ఉంటుంది, చాంబర్ మాత్రం వదులుగానే ఉండిపోతుంది. మర్నాటికల్లా లీకేజి. అలాంటి చోట సరైన పొట్టి బోల్టు తెచ్చి వెయ్యి, లేదా ప్యానెల్ మందానికి సరిపడా వాషర్లు పెట్టు. 10 నంబర్ స్పానర్ పట్టే బోల్టులు చిన్నవి, బలం పెడితే మర పోతుంది. విప్పిన వరసలోనే అట్టముక్కకి గుచ్చి పెట్టుకో.

గమ్ముతో అంటించిన ప్యానెలైతే హీట్ గన్‌తో మెల్లగా వేడి చేసి ప్లాస్టిక్ గీకుడు ముక్కతో లేపు. బ్లో ల్యాంప్ జోలికి పోకు. ఆయిల్ సెన్సర్ వైరు ఉంటే ముందే పక్కకి తప్పించు. చాంబరే రెండు రేకుల మధ్య పల్చటి పొరతో చేసినదైతే దాన్ని ఊడదీయాలని చూడకు, అది చాంబర్‌లో భాగమే.

ప్యానెళ్లు విప్పాక చాంబర్ని బయటివైపు కిరోసిన్‌తో కడిగి ఆరబెట్టి, ఇంజిన్ కాసేపు తిప్పి, పై నుంచి కిందికి చూసుకుంటూ రా. ఆయిల్ పైనుంచే జారుతుంది కాబట్టి ట్యాపెట్ కవర్ (ఇంజిన్ నెత్తిన ఉండే మూత) ప్యాకింగు, ఆయిల్ ఫిల్టర్ కూర్చున్న చోటు, ముందువైపు సీలు, ఆ తరువాతే చాంబర్. ఒకట్రెండు రోజులు ప్యానెల్ లేకుండానే తిరుగు, రాత్రి కింద పాత పేపరు పరుచు. పొడిగా ఉంటే కొత్త ప్యానెల్ బిగించు, ఆయిల్ తాగిన స్పాంజిని కడిగి మళ్లీ వాడకు. తడి ట్యాపెట్ కవర్ దగ్గరే మొదలైతే చాంబర్ విప్పొద్దు, ముందు నాకు ఫొటో పంపు.

మీ మామయ్య