గోల్ఫ్ పందెంలో ఓడిన సొమ్ముకు ప్రోనోటు: కట్టాల్సిందేనా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ, రైస్ మిల్లు వ్యాపారం. ముగ్గురు మిత్రులతో కలిసి రెండేళ్లుగా ఆదివారాలు హైదరాబాద్ వెళ్లి గోల్ఫ్ ఆడుతున్నాను. మొదట్లో ఓడినవాడు టిఫిన్ బిల్లు కట్టేవాడు. తర్వాత ఐదు వందల పందెం వచ్చింది, చివరికి ఐదు వేల 'నాసౌ' దాకా, అంటే ఒకే ఆటలో మూడు పందేల దాకా పోయింది. నాలుగు నెలల కింద ఒకే రోజు ముప్పై వేలు ఓడిపోయాను. ఆట అయ్యాక క్లబ్ హౌస్ ముందు ప్రాక్టీస్ గ్రీన్ (గుంతలోకి బంతిని దొర్లించడం, అంటే పుట్, సాధన చేసే పచ్చిక) మీద గెలిచిన మిత్రుడు 'ఒక్క పుట్, పడితే బాకీ మాఫీ, పడకపోతే డబుల్' అన్నాడు. బంతి అంచుదాకా పోయి ఆగింది. చేతిలో అంత లేదంటే అక్కడే 60,000 రూపాయలకు ప్రోనోటు రాయించుకున్నాడు. ఇప్పుడు నూటికి రెండు రూపాయల వడ్డీతో లాయర్ నోటీసు పంపాడు. లెక్క రాసిన స్కోరు కార్డు నా బ్యాగులోనే ఉంది. డబ్బు కట్టాల్సిందేనా? పోలీసు కేసు అవుతుందా? ఇకమీద అసలు పందెమే పెట్టకూడదా?

జవాబు: ముందు అసలు సంగతి చెబుతాను. పందెంలో గెలిచిన సొమ్ము కోసం దావా వేసే హక్కు మన చట్టం ఎవరికీ ఇవ్వలేదు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ ప్రకారం పందెం ఒప్పందం చెల్లదు. గెలిచానంటూ దేనికోసమూ కోర్టుకు ఎక్కకూడదు. పందెం డబ్బు మధ్యవర్తి చేతిలో పెట్టి ఉన్నా గెలిచినవాడు దావా వేసి దాన్ని రాబట్టుకోలేడు. మీ మధ్య ఉన్నది నోటిమాట పందెం ఒక్కటే అయితే నా జవాబు ఇక్కడితో అయిపోయేది. కానీ మీరు ప్రోనోటు మీద సంతకం పెట్టారు.

ఆ నోటులో ఏం రాసి ఉందో గుర్తు చేసుకోండి. మన దగ్గర దొరికే అచ్చు ఫారాల్లో 'నా కుటుంబ అవసరాల నిమిత్తం మీ వద్ద నగదుగా తీసుకున్న' లాంటి మాటలు ముందే ఉంటాయి. ఖాళీల్లో పేరు, అంకె, వడ్డీ నింపి, రూపాయి రెవెన్యూ స్టాంపు మీద సంతకం చేస్తారు. గోల్ఫ్ అన్న మాట అందులో ఎక్కడా ఉండదు. సంతకం మీదేనని తేలితే, ప్రతిఫలం (నోటుకు బదులుగా ఇచ్చిన సొమ్ము) ముట్టిందనే కోర్టు మొదట అనుకుంటుంది. ప్రోనోట్లకు, చెక్కులకు వర్తించే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 118వ సెక్షన్ చెప్పేది అదే. ముట్టలేదని చూపించే భారం మీ మీద పడుతుంది.

అది మోయలేనంత భారం కాదు. క్రిమినల్ కేసులో మాదిరి అనుమానానికి తావు లేకుండా రుజువు చేయాల్సిన పని లేదు. ఇద్దరు చెప్పేవాటిలో మీ మాటే నమ్మదగ్గట్టుగా ఉందని జడ్జికి అనిపిస్తే చాలు. నోటులో నగదు అని ఉన్నా, నిజానికి ఒక్క రూపాయి చేతులు మారలేదని, ఓడిన పందెం బాకీకే అది రాశామని సాక్ష్యం ఇవ్వవచ్చు. కాగితం మీద ఉన్న మాటకు విరుద్ధంగా చెబుతున్నారని అంటూ మిమ్మల్ని ఆపడం కుదరదు. ప్రతిఫలం లేదని చెప్పుకునే దారి సాక్ష్య చట్టంలోనే ఉంది.

అందుకే ఆ స్కోరు కార్డు మీకు చాలా ముఖ్యం. అందులో తేదీ ఉంటుంది, నలుగురి పేర్లు ఉంటాయి, హోల్ తర్వాత హోల్ (బంతి పడాల్సిన ఒక్కో గుంతకు) అంకెలు ఉంటాయి. లెక్క ఆయన చేతిరాతలో ఉంటే ఇంకా మంచిది. 30 వేలు ఎలా వచ్చాయో, దాని కింద 60 ఎలా వచ్చిందో ఆ కార్డు చెబుతుంది. కుటుంబ అవసరాలకు అప్పు తీసుకునేవాడు గోల్ఫ్ కోర్సులో, ఆట అయిన పది నిమిషాలకు, స్కోరు కార్డు వెనక ఉన్న అంకెకే సరిగ్గా సరిపోయేలా తీసుకుంటాడా అని మీ లాయర్ అడగగలడు. కార్డును ప్లాస్టిక్ కవర్లో పెట్టండి. దాని మీద కొత్తగా ఒక్క గీత కూడా గీయకండి. వాట్సాప్‌లో ఆయన బాకీ గురించి పంపిన మెసేజ్‌లు ఉంటే ఫోన్ మార్చకండి, చాట్ తుడిచేయకండి. వాటిని కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి. అది మీ లాయర్ చూసుకుంటారు.

నోటుతోపాటు చెక్కు కూడా ఇచ్చారా? మీరు రాయలేదు కాబట్టి అడుగుతున్నాను. ఇచ్చి ఉంటే టెన్షన్ పడాల్సింది దాని గురించే. చెక్కు బౌన్స్ అయి అదే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద నోటీసు అందితే, అందిన రోజు నుంచి డబ్బు కట్టడానికి 15 రోజుల గడువు నడుస్తుంది. అక్కడ కూడా 'చట్టప్రకారం వసూలు చేయదగ్గ బాకీ' అయితేనే నేరం, పందెం బాకీ అలాంటిది కాదు. అయినా క్రిమినల్ కోర్టులో నిలబడి అది చెప్పుకోవాల్సి వస్తుంది.

ఇక రెండో ప్రశ్న. నన్ను నిజంగా ఆందోళన పెట్టింది ఇదే. 'అది పందెం బాకీ' అని మీరు కాగితం మీద రాసిన క్షణమే, నేను డబ్బు పెట్టి పందెం ఆడానని మీరే ఒప్పుకున్నట్టవుతుంది. వేరే చాలా రాష్ట్రాల్లో ఇది పెద్ద విషయం కాదు. నైపుణ్యంతో ఆడే ఆటలకు జూదం చట్టాల నుంచి మినహాయింపు ఉంటుంది. 1996లో గుర్రప్పందేల మీద ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు నైపుణ్యం ఆటల వరుసలో గోల్ఫ్ పేరు కూడా చెప్పింది. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులోనే, రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడే ఆట అని అంతకు చాలా ఏళ్ల ముందే తేల్చింది. మన దగ్గర 1974 నాటి గేమింగ్ చట్టంలోనూ ఆ మినహాయింపు ఉండేది. తెలంగాణ ప్రభుత్వం 2017లో దాన్ని తీసేసింది. ఫలితం తెలియని దేనిమీదనైనా డబ్బు పెట్టడాన్ని, అది నైపుణ్యం ఆటే అయినా సరే, పందెం కిందికే తెచ్చింది. కాబట్టి 'గోల్ఫ్ స్కిల్ గేమ్ కదా సార్' అన్న మాట మిర్యాలగూడలోనైనా గోల్కొండలోనైనా ఒక్కటే మిమ్మల్ని కాపాడదు.

అలాగని మిమ్మల్ని రేపే అరెస్టు చేస్తారనీ కాదు. ఆ చట్టం ప్రధానంగా పట్టుకునేది జూదశాల నడిపేవాళ్లను, అక్కడ దొరికినవాళ్లను, బహిరంగ స్థలంలో ఆడేవాళ్లను. జూదశాల అనిపించుకోవాలంటే ఆ స్థలం నడిపేవాడికి లాభం ముట్టే ఏర్పాటు ఉండాలి. మీ నలుగురి పందెంలో క్లబ్బుకు గానీ, మధ్యవర్తికి గానీ కమీషన్ లేకపోతే మీ స్థితి ఫాంహౌస్‌లో పేకాట పెట్టి టేబుల్ డబ్బు తీసుకునేవాడి స్థితి కాదు. ఈ తేడా నోటీసు జవాబులోని ప్రతి వాక్యంలో కనబడాలి. అందుకే జవాబు మీరే టైపు చేసి పంపకండి. 'నగదు ముట్టలేదు, నోటుకు ప్రతిఫలం లేదు' అన్నది ముందు నిలబెట్టి, మిగతా సంగతి ఎంతవరకు అవసరమో అంతవరకే రాసే లాయర్‌తో రాయించండి.

ఇంకొక చిక్కు ఉంది. మీ మిత్రుడు 'నేను పందెం డబ్బు అడగడం లేదు, అప్పు ఇచ్చాను' అనవచ్చు. పందెం ఒప్పందం చెల్లనిదే గానీ దానంతట అదే చట్టవిరుద్ధం కాదని, కాబట్టి దానికి అనుబంధంగా చేసుకున్న వేరే ఒప్పందాలు చెల్లవచ్చని 1959లో ఘేరూలాల్ పారఖ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఓడినవాడికి మూడో మనిషి నిజంగా డబ్బు అప్పిచ్చి ఉంటే ఆ తీర్పు పనికొస్తుంది. గెలిచినవాడే, ఒక్క నోటూ లెక్కపెట్టకుండా, ఓడిన అంకెనే అప్పుగా రాయించుకుంటే అది పాత పందెమే, కాగితం కొత్తది. పైగా పందెమే నేరం కిందికి వచ్చే చోట ఆ తీర్పు ఆయనకు పెద్దగా ఆసరా కాదు. ఒక్క మాట మాత్రం గుర్తుంచుకోండి. ఇదివరకు మీరు ఇష్టపూర్వకంగా ఇచ్చేసిన ఐదు వందలు, ఐదు వేలు తిరిగి రావు. వాటి జోలికి పోకండి.

ఇక మీ మూడో ప్రశ్న. లాయర్‌గా నేను 'డబ్బు పెట్టకండి' అనే చెప్పాలి, అదే చెబుతున్నాను. కానీ గోల్ఫ్‌లో స్నేహపూర్వక పందెం ఎంత పాతదో, దానికి ఎంత చక్కటి పద్ధతి ఉందో తెలిసినవాడిగా, మీ ఆటలో ఆ పద్ధతి ఎక్కడ తప్పిందో చెప్పకుండా ఉండలేను.

నాసౌ అంటే మూడు పందేలు: మొదటి తొమ్మిది హోల్స్‌కు ఒకటి, తర్వాతి తొమ్మిదికి ఒకటి, మొత్తం పద్దెనిమిదికి ఒకటి. ఐదు వేల నాసౌ అంటే మహా పోతే 15,000 అని మీరు అనుకుని ఉంటారు. ముప్పై వేలు అయ్యాయంటే మీ లెక్కలో 'ప్రెస్' ఉండే ఉంటుంది. రెండు హోల్స్ వెనకబడితే అదే మొత్తానికి ఇంకో పందెం మొదలవుతుంది. ఉదాహరణకు ముందు తొమ్మిదిలో అసలుది, ఒక ప్రెస్ పోయి 10,000. వెనక తొమ్మిదిలో అసలుది, రెండు ప్రెస్‌లు పోయి 15,000. మొత్తం పద్దెనిమిది హోల్స్ పందెం ఐదు వేలు కలిపితే 30,000. అలా అయితే అంకెలో మోసం లేదు. ప్రెస్ దానంతటదే మొదలవుతుందని, మొదటి టీ (తొలి బంతి కొట్టే చోటు) మీద మీకు ఎవరూ చెప్పకపోతే, తప్పు అదే. మా చిన్నప్పుడు చిర్రగోనె ఆడినా, గోటీలు ఆడినా, ఎన్ని పెట్టాలో, ఎక్కడ ఆపాలో ముందే అనుకుని మొదలుపెట్టేవాళ్లం. గోల్ఫ్‌లోనూ మర్యాద అదే. మొదటి బంతి కొట్టకముందే ఎంత, ఎవరికి ఎన్ని స్ట్రోకులు (దెబ్బలు) అదనంగా ఇవ్వాలి, ప్రెస్ అడిగితేనే మొదలవుతుందా, ఎంత పోతే ఆపాలి అన్నవి నలుగురికీ వినబడేలా అనుకోవాలి. హ్యాండిక్యాప్ (ఆట బలాన్ని బట్టి ఇచ్చే అదనపు స్ట్రోకుల లెక్క) విషయంలో అయితే మాట మీద కాకుండా రికార్డు మీద పోవాలి. వరల్డ్ హ్యాండిక్యాప్ సిస్టమ్‌లో ఎవరి ఇండెక్స్ ఎంతో చూసుకోవచ్చు. అసలు పన్నెండు ఆడేవాడు ఇరవై అని చెప్పుకుని ఎనిమిది స్ట్రోకులు అదనంగా తీసుకుంటే, దాన్ని కోర్టులో నిరూపించడం కష్టం గానీ మిత్రుల మధ్య అంతకంటే నీచమైన పని లేదు.

గోల్ఫ్ నియమాలు రాసే ఆర్ అండ్ ఏ, యూఎస్‌జీఏ సంస్థలు కూడా అమెచ్యూర్ ఆటగాళ్ల మధ్య చిన్న పందేలను తప్పుబట్టవు. కాకపోతే వాళ్లు చూసేవి ఇవి: ఆడేవాళ్లు ఒకరికొకరు తెలిసినవాళ్లై ఉండాలి, పందెంలో చేరడం ఎవరి ఇష్టం వాళ్లది, డబ్బు ఆడేవాళ్ల జేబుల్లోంచే రావాలి, మొత్తం మరీ పెద్దది కాకూడదు, ఆట ఆనందమే ముఖ్యంగా ఉండాలి. మీ ప్రాక్టీస్ గ్రీన్ పుట్‌ను ఈ కొలతతో చూడండి. ఆట అయిపోయింది, ఒకతను 30,000 ఓడి తల వంచుకుని నిలబడ్డాడు, అప్పుడు డబుల్ అడగడం ఆట కాదు. అలా ఓడి నిలబడ్డవాడిని పందెంలోంచి తప్పించడమే మిత్రుడు చేయాల్సిన పని. గెలిచిన మిత్రుడు ఆ రోజు భోజనం బిల్లు తీసుకుంటాడు, బ్యాగు మోసే క్యాడీకి టిప్ ఇస్తాడు, బాకీ మాట గ్రూపులో ఎత్తడు. ఓడినవాడు ఆ సాయంత్రమే లెక్క తీర్చేసి ఇంటికి పోతాడు. ఆ సాయంత్రం తీర్చలేనంత పందెం అసలు కట్టకూడదు.

మళ్లీ టిఫిన్ దగ్గరికే వెళ్లండి. చట్టం మాటలు పట్టుకుంటే అదీ పందెమే. అయినా ఇడ్లీ, దోశ బిల్లు మీద కేసు నా దగ్గరికి ఎప్పుడూ రాలేదు. ఫోన్లో డబ్బు పెట్టి ఆడే గేమ్‌ల జోలికి మాత్రం పోకండి. 2025లో కేంద్రం చేసిన చట్టం వాటిని నైపుణ్యం, అదృష్టం అన్న తేడా లేకుండా నిషేధించింది.

నోటీసులో ఇచ్చిన గడువు దాటకముందే జవాబు వెళ్లాలి. ప్రోనోటు మీద దావాకు మూడేళ్ల గడువు ఉంటుంది, మౌనంగా ఉంటే పోతుందిలే అనుకోకండి. జవాబు పంపాక మీ నలుగురిలో ఈ పందెంతో సంబంధం లేని మిత్రుణ్ణి కలవండి. ఆ రోజు ఎవరి చేతిలోనైనా నగదు చూశాడా, నోటు ఎక్కడ కూర్చుని రాశారు అని మాత్రమే అడగండి. ఏం చెప్పాలో ఆయనకు నేర్పకండి.