మీరు తెరవని పోర్టులు రూటర్‌లో కనబడితే

మెసేజింగ్ ప్రోగ్రామ్ వేసిన మర్నాడు రూటర్‌లో మీరు పెట్టని రెండు పోర్టులు (బయటి నుంచి లోపలికి వచ్చే, నంబరున్న దారులు) తెరిచి ఉన్నాయని, వైరసేమోనని టెన్షన్‌గా ఉందని రాశారు. చాలావరకు అది వైరస్ పని కాదు. అలాగని వదిలేయకండి.

మిర్యాలగూడలో ఒక రైసుమిల్లు ఆఫీసు కంప్యూటర్లు నేనే చూస్తాను. మూడేళ్ల కిందట వడ్ల సీజన్‌లో నెట్ నెమ్మదిగా ఉందంటే వెళ్లాను. దానికి కారణం పాత కేబుల్, అది వేరే సంగతి. రూటర్ పేజీలో యూపీఎన్‌పీ (ప్రోగ్రాములు అడిగితే రూటర్ పోర్టులు తెరిచే ఏర్పాటు) పట్టిక తెరిస్తే మూడు వరుసలు, పక్కన ఒక మెసేజింగ్ ప్రోగ్రామ్ పేరు. మూడూ 192.168.1.5కే వెళ్తున్నాయి. ఆ అడ్రసులో ఉన్నది లారీల తూకం చీటీలు తీసే కాటా కంప్యూటర్. దాంట్లో ఆ ప్రోగ్రామే లేదు! గుమస్తాను అడిగాను. "ఓనర్ వాళ్ల అబ్బాయి దసరాకు వచ్చినప్పుడు ల్యాప్‌టాప్‌ల వీడియో కాల్ మాట్లాడిండు సార్" అన్నాడు.

ల్యాప్‌టాప్ హైదరాబాద్ వెళ్లిపోయింది. అది తెరిపించుకున్న దారి మాత్రం మిగిలింది. ఖాళీ అయిన ఆ అడ్రసును రూటర్ కాటా కంప్యూటర్‌కు ఇచ్చేసింది. ఆ పోర్టుల్లోకి వచ్చేది అందుకునే ప్రోగ్రామ్ ఏదీ కాటా కంప్యూటర్‌లో లేదు కాబట్టి నష్టం జరగలేదు.

రెండు కంప్యూటర్లు నేరుగా మాట్లాడుకోవాలంటే బయటి నుంచి లోపలికి దారి కావాలి. యూపీఎన్‌పీ ఉంటే లోపలున్న ఏ ప్రోగ్రామైనా ఆ దారి అడగొచ్చు, రూటర్ పాస్‌వర్డ్ కూడా అడగకుండా ఇచ్చేస్తుంది. మైక్రోసాఫ్ట్ పాత చాటింగ్ ప్రోగ్రామ్ ఎంఎస్‌ఎన్ మెసెంజర్ రోజుల నుంచీ కొన్ని ప్రోగ్రాములది ఇదే పద్ధతి. గడువు సున్నా (అంటే గడువు లేదు) అని ప్రోగ్రామ్ అడిగితే పాత పద్ధతి రూటర్లలో ఆ దారి దానంతట అది మూసుకోదు. పని అయ్యాక ప్రోగ్రామే మూయాలి, మధ్యలో ల్యాప్‌టాప్ మూసేస్తే అలాగే ఉండిపోతుంది. చాలా రూటర్లలో ఆపి మళ్లీ ఆన్ చేస్తే పట్టిక ఖాళీ అవుతుంది. మిల్లులో రూటర్ యూపీఎస్ మీద ఉంది, అది ఆగిందే లేదు.

నేను యూపీఎన్‌పీ ఆపేసి, రూటర్‌ను ఆపి మళ్లీ ఆన్ చేసి, కాటా కంప్యూటర్‌కు వేరే అడ్రసు ఖాయం చేశాను. కాల్స్ నేరుగా కాకుండా మెసేజింగ్ కంపెనీ సర్వర్ మీదుగా ఇప్పటికీ బాగానే వెళ్తున్నాయి. మీ దగ్గర పాత సీసీ కెమెరా డీవీఆర్ (రికార్డింగ్ పెట్టె) ఉంటే మాత్రం ముందు చూసుకోండి, ఫోన్‌లో కనబడటానికి అది యూపీఎన్‌పీనే వాడుతూ ఉండొచ్చు.

కంప్యూటర్‌లోనే ఉండే కాపలా, విండోస్ ఫైర్‌వాల్ సంగతి వేరు. ప్రోగ్రామ్ మొదటిసారి అనుమతి అడిగినప్పుడు సరే అని నొక్కితే ఇన్‌బౌండ్ రూల్ (బయటి నుంచి రానిచ్చే అనుమతి) పడుతుంది. అడ్మిన్ అనుమతితో వేసిన ప్రోగ్రామైతే మనల్ని అడగకుండానే రాసుకోగలదు. ప్రోగ్రామ్ తీసేసినా ఆ రూల్ మిగిలిపోవచ్చు. ఇన్‌బౌండ్ రూల్స్ జాబితాలో ప్రోగ్రామ్ ఏ ఫోల్డర్‌లో ఉందో చూసి, అక్కర్లేనివి తీసేయండి.

తర్వాత రూటర్ పట్టిక చూపిన కంప్యూటర్‌లో నెట్‌స్టాట్ అనే విండోస్ కమాండ్‌తో ఆ పోర్టు ఏ ప్రోగ్రామ్ చేతిలో ఉందో చూడండి. మెసేజింగ్ ప్రోగ్రామే అయితే పై పనులు చాలు. మీరు పెట్టకుండానే రూటర్ పట్టికలో 3389 (రిమోట్ డెస్క్‌టాప్) గానీ 445 (ఫైల్ షేరింగ్) గానీ కనబడితే మాత్రం ముందు ఆ కంప్యూటర్‌కు నెట్ తీసేయండి, వెతుకులాట తర్వాత.