బేకన్ తిరుగుబాటుకీ బానిస చట్టాలకీ లింకు

బేకన్ తిరుగుబాటు వల్లే అమెరికాలోని అప్పటి ఇంగ్లిష్ వలస వర్జీనియాలో బానిసత్వం వచ్చిందని మీ అమ్మాయి రాస్తే టీచరు మార్కులు కోశారన్నారు కదండీ. టీచరు చేసింది సబబే. తల్లి బానిసైతే పుట్టే బిడ్డా బానిసేనన్న చట్టం అక్కడ 1662లోనే ఉంది.

1676లో గవర్నర్ బర్క్‌లీ మీద తిరగబడ్డ నథానియల్ బేకన్ హీరో ఏమీ కాదు, మూలవాసులను ఊచకోత కోసిన మనిషి. కానీ అతని వెంట తెల్ల ఒప్పంద కూలీలు (కొన్నేళ్ల గడువుకి కట్టుబడి పనిచేసేవాళ్లు), నల్లజాతి బానిసలు కలిసి తుపాకులు పట్టారు. వర్జీనియా రాజధాని జేమ్స్‌టౌన్‌ని తగలబెట్టారు. అక్టోబరులో బేకన్ జబ్బుచేసి పోయాక కూడా దాదాపు 80 మంది నల్లవాళ్లు, 20 మంది తెల్ల కూలీలు ఆయుధాలు దించలేదు. దొరలకు గుబులు పుట్టించింది ఈ కలయికే.

1705 చట్టం చూడండి. గడువు తీరిన తెల్ల కూలీకి 10 బుషెళ్ల (ధాన్యం కొలత) మొక్కజొన్న, 30 షిల్లింగులు, ఒక తుపాకీ ఇవ్వాలన్నారు. బానిసల గుర్రాలు, పశువులు, పందులు మాత్రం లాక్కుని అమ్మి, ఆ డబ్బు చర్చి పరిధిలోని పేదలకు పంచమన్నారు. తెల్ల పేదలనీ నల్లవాళ్లనీ విడదీయడానికి ఎంత తెలివో!

తెల్ల కూలీల బదులు బానిసల మీద ఆధారపడటం పెరగడానికి ఇంగ్లండ్ నుంచి కూలీల రాక తగ్గడమూ ఒక కారణమే. అందుకని తిరుగుబాటు ఈ మార్పుకి ఊపునిచ్చిందని రాయించి, 1662, 1705 చట్టాలు రెండూ చూపించమనండి.