పళ్లెం చప్పుడుకి ఉలిక్కిపడితే చెవులు బాగున్నట్టేనా?

ప్రశ్న: మా పాపకి 20 రోజులు. పుట్టిన మర్నాడు ఆసుపత్రిలో చెవి పరీక్ష చేసి కుడి చెవికి ‘రిఫర్’ అని రాసిచ్చారు. ఇంట్లో పళ్లెం మీద గరిటెతో కొడితే ఉలిక్కిపడుతోంది. మళ్లీ పరీక్ష ఎందుకని అత్తయ్యగారు అంటున్నారు. వెళ్లాలా?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: తప్పకుండా వెళ్లండమ్మా, నెల నిండేలోపే. ‘రిఫర్’ అంటే వినపడదని కాదు, మళ్లీ చూడాలని. మీ పాపకి చేసింది బహుశా ఓఏఈ పరీక్ష. చెవిలో మెత్తటి ప్రోబ్ పెట్టి శబ్దం పంపితే, లోపలి చెవి నుంచి తిరిగొచ్చే సన్నటి ధ్వనిని అదే ప్రోబ్ పట్టుకుంటుంది. పుట్టిన ఒకటి రెండు రోజులు చెవి గొట్టంలో ఉమ్మనీరు, తెల్లటి జిడ్డు మిగిలి ఉంటాయి. వాటివల్లా, బిడ్డ ఏడ్చినా, గదిలో ఫ్యాను హోరున్నా ఆ ధ్వని అందదు. ఈసారి కడుపునిండా పాలుపట్టి, నిద్రపుచ్చి చేయించండి.

ఇక పళ్లెం సంగతి. ఎడమ చెవి ఒక్కటి బాగున్నా పాప ఉలిక్కిపడుతుంది. మంచం అదిరినా ఉలిక్కిపడుతుంది. పైగా అది పెద్ద చప్పుడు. మాటలు నేర్చుకోవడానికి ‘స’, ‘శ’ లాంటి సన్నని ధ్వనులు కూడా వినపడాలి. అవి వినపడుతున్నాయో లేదో పళ్లెం చెప్పలేదు.

రెండోసారీ రిఫర్ వస్తే బెరా పరీక్ష చేస్తారు. నిద్రపోతున్న బిడ్డ తలకి ఎలక్ట్రోడ్లు అంటించి, శబ్దానికి వినికిడి నరం ఎలా స్పందిస్తోందో ఒక్కో చెవికీ విడిగా చూస్తారు. సంగతి 3 నెలల్లోపు తేలాలి. లోపం ఉంటే 6 నెలల్లోపు వినికిడి యంత్రం పెట్టి శిక్షణ మొదలుపెట్టాలి. జిల్లా డీఈఐసీ (పిల్లల్లో లోపాలను తొందరగా గుర్తించి చికిత్స చేయించే ప్రభుత్వ కేంద్రం)లో అడగండి, అక్కడ ఖర్చు ఉండదు. మీది మేనరికమైతే, లేదా ఇంట్లో పుట్టు చెవుడు ఉన్నవాళ్లుంటే ఆ మాట ముందే చెప్పండి. అలాంటప్పుడు ఇప్పుడు పాసైనా మళ్లీ పరీక్షకు రమ్మంటారు, మానకండి.

ప్రశ్న: మా బాబుకి నాలుగేళ్లు. అంగన్‌వాడీకి వచ్చిన ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ కార్యక్రమం) బృందం ఎడమ కన్ను సరిగా కనపడటం లేదంది. వాడేమో కింద పడ్డ ఆవగింజ కూడా ఏరుతాడు!
– ఒక తండ్రి, ఒంగోలు

జవాబు: ఆవగింజ ఏరేది కుడి కన్ను. ఒక కంటికి పవర్ బాగా ఎక్కువైతే మెదడు ఆ కంటి బొమ్మను పక్కన పెట్టేస్తుంది. దీన్నే లేజీ ఐ అంటారు. పుట్టినప్పటి నుంచీ అంతే కాబట్టి తనకి కనపడటం లేదని బాబుకి తెలియదు. అందుకే ఒక కన్ను మూసి చూడాలి. చేత్తో మూస్తే వేళ్ల సందుల్లోంచి చూసేస్తారు, అంటించే ప్యాచ్ వాడాలి. అక్షరాలు రాని పిల్లలకి ఇల్లు, ఆపిల్, గుండ్రం, చదరం బొమ్మల చార్టు 3 మీటర్ల దూరంలో పెడతారు. సిగ్గుపడి నోరు విప్పకపోతే చేతిలోని కార్డు మీద అదే బొమ్మ చూపిస్తే చాలు. నాలుగేళ్లకి ఒక్కో కంటితో 6/12 వరసలో (మామూలు కన్ను 12 మీటర్ల నుంచి చూసేదాన్ని 6 మీటర్ల నుంచి చూడగలగడం) సగానికి పైగా బొమ్మలు చెప్పాలి.

కంటి డాక్టరు దగ్గర కంట్లో చుక్కలు వేయించాకే పవర్ చూపించండి. చుక్కలు లేకుండా కంప్యూటర్‌లో చూస్తే పిల్లలు కన్ను బిగబట్టి ప్లస్ పవర్ దాచేస్తారు. ముందు అద్దాలు, నిద్రలేచింది మొదలు పడుకునేదాకా. కొన్ని వారాలకీ చూపు మెరుగుపడకపోతే మంచి కంటికి ప్యాచ్, లోపం మధ్యరకమైతే రోజుకి 2 గంటలు. ప్యాచ్‌ని అద్దానికి కాదు, చర్మానికే అంటించాలి. లేకపోతే పక్క నుంచి తొంగి చూస్తాడు. ఏడేళ్లలోపు మొదలుపెడితే ఫలితం బాగుంటుంది. ఈ నెలలోనే వెళ్లండి.

ప్రశ్న: బాబు 31 వారాలకే పుట్టాడు, 1400 గ్రాములు. మూడు వారాలు ఎన్‌ఐసీయూ (నవజాత శిశువుల ఐసీయూ)లో ఉంచి పంపారు. ఈ రోజుకి 24 రోజులు. కంటి పరీక్ష మాటే ఎవరూ చెప్పలేదు.
– ఒక పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: రెటీనా (కంటి వెనక పొర) పరీక్షకు రేపే బయల్దేరండి, 30వ రోజు దాటకూడదు. 34 వారాల్లోపు పుట్టినా, 2000 గ్రాముల్లోపు ఉన్నా ఇది తప్పనిసరి. టార్చి వేసి చూసి బాగుందంటే ఒప్పుకోకండి, కంటిపాప విచ్చుకునే చుక్కలు వేసి కంటి వెనక పొర చూడాలి. రక్తనాళాలు అంచుదాకా పెరిగేవరకూ పిలిచినప్పుడల్లా వెళ్లాలి. లేజర్ కావాలంటే రెండు మూడు రోజులకి మించి ఆగకూడదు. చెవులకి ఓఏఈ ఒక్కటే చాలదు, బెరా కూడా చేయించండి. ఎన్‌ఐసీయూలో ఎక్కువ రోజులున్న పిల్లల్లో లోపలి చెవి బాగుండి నరం దెబ్బతినే అవకాశం ఉంది. అది ఓఏఈకి దొరకదు.